బడికి వచ్చిన ఫోన్ మొదటి గంటకే పెట్టెలో ఉండాలి

ముందు ప్రశ్న చెప్పుకుందాం. తెలంగాణలో ఒక జిల్లా పరిషత్ హైస్కూలు. నాలుగైదు ఊళ్ళ పిల్లలు ఆటోల్లో, ఆర్టీసీ బస్సుల్లో వస్తారు. తొమ్మిది, పది తరగతుల పిల్లల బ్యాగుల్లో ఫోన్లు ఉంటున్నాయి. గేటు లోపలికి ఫోన్ రానివ్వనని హెచ్ఎం గారు అంటున్నారు. సాయంత్రం బస్సు తప్పితే మా అమ్మాయి ఎవరికి చెప్పుకుంటుందని తల్లిదండ్రులు అడుగుతున్నారు. అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ సమావేశంలో తలా ఒక మాట అన్నారు గానీ ఏదీ తేలలేదు. ఇంతకీ ఫోన్లు అనుమతించాలా, నిషేధించాలా?

నా సమాధానం: ఫోన్ బడికి రానివ్వండి. మొదటి గంట నుంచి చివరి గంట దాకా అది పిల్లల చేతిలో, జేబులో, బ్యాగులో ఉండకూడదు. తాళం వేసిన పెట్టెలో ఉండాలి. ఇంటర్వెల్లో తీయకూడదు, మధ్యాహ్న భోజనం వేళా తీయకూడదు. ఇరుపక్షాలనూ సర్దిచెప్పడానికి ఈ మాట అనడం లేదు. మిగతా రెండు దారులూ నాలుగు రోజుల ముచ్చటే అవుతాయి.

గేటు దగ్గరే ఆపేస్తే ఏమవుతుందో న్యూయార్క్ నగరంలో తేలిపోయింది. అక్కడ 2006 నుంచి ప్రభుత్వ బడుల్లోకి ఫోన్ తేవడాన్ని గట్టిగా నిషేధించారు. మెటల్ డిటెక్టర్లున్న బడుల పక్కన వ్యాన్లు వచ్చి నిలబడ్డాయి. పిల్లలు పొద్దున ఫోన్ అక్కడ ఇచ్చి, రోజుకు ఒక డాలరు కట్టి, సాయంత్రం తీసుకునేవాళ్ళు. వీధి చివరి కొట్లవాళ్ళూ అదే వ్యాపారం చేశారు. చివరికి 2015లో నిషేధం ఎత్తేశారు. మన ఊళ్ళలో అయితే వ్యాన్ దాకా కూడా అక్కర్లేదు. బడి ఎదుటి జిరాక్స్ షాపు, పాన్ డబ్బా, చెట్టు కింద పెట్టిన అన్న బైకు సీటు కింది అర చాలు. ఫోన్ ఎక్కడుందో బడికి తెలియదు, ఇంటికి తెలియదు. పోయినా, ఎవరైనా అందులోని ఫొటోలు తీసుకున్నా పిల్ల నోరు విప్పదు, ఎందుకంటే అసలు తేవడమే తప్పు కదా.

ఇక రెండో దారి, క్లాసులో మాత్రం వాడొద్దు, బ్యాగులో ఉంచుకోవచ్చు అనేది. వినడానికి మర్యాదగా ఉంటుంది గానీ, అమలు భారమంతా ఒక్కో పీరియడ్‌లో ఒక్కో టీచరు మీద పడుతుంది. లెక్కల సారు గట్టిగా ఉంటే సోషల్ సారు చూసీచూడనట్టు ఉంటారు. పది రోజుల్లో పిల్లలకు ఎవరి పీరియడ్ ఎలాంటిదో తెలిసిపోతుంది. పైగా ఇంటర్వెల్లో చూసిన మెసేజ్ తర్వాతి పీరియడ్ అంతా తలలో తిరుగుతూనే ఉంటుంది. ఒకసారి దృష్టి చెదిరితే మళ్ళీ చదువు మీద కుదురుకోవడానికి 20 నిమిషాల దాకా పట్టవచ్చని యునెస్కో 2023 ప్రపంచ విద్యా నివేదిక చెప్పింది. మన పీరియడ్ సుమారు 45 నిమిషాలు. లెక్క మీరే వేసుకోండి. పదిహేనేళ్ళ పిల్లలకు పెట్టే అంతర్జాతీయ పరీక్ష పీసాను 2022లో రాసిన ఓఈసీడీ దేశాల్లో (ఎక్కువగా ధనిక దేశాలే) సగటున 65 శాతం మంది పిల్లలు కనీసం కొన్ని లెక్కల క్లాసుల్లో డిజిటల్ పరికరాల వల్ల తమ ధ్యాస మళ్ళుతోందని తామే చెప్పారు. పక్కవాళ్ళ పరికరం వల్ల ధ్యాస మళ్ళుతోందన్నవాళ్ళు కూడా 59 శాతం ఉన్నారు. ఫోన్ లేని పిల్లకు కూడా పక్క బెంచీ ఫోన్ వల్ల నష్టమే.

నిషేధం వల్ల మార్కులు పెరుగుతాయా అని కమిటీలో ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఇంగ్లండ్‌లో నాలుగు నగరాల్లోని 91 బడుల మీద చేసిన పరిశోధన 2015లో వచ్చింది. ఫోన్లు ఆపాక మార్కులు కొంత పెరిగాయనీ, ఆ లాభం ఎక్కువగా చదువులో వెనకబడిన పిల్లలకే దక్కిందనీ, ముందు వరుస పిల్లలకు పెద్ద తేడా లేదనీ అందులో తేలింది. అదే పద్ధతిలో స్వీడన్‌లో చూస్తే అలాంటి ఫలితం కనిపించలేదు. 2025లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం 30 బడుల్లో 1,227 మంది పిల్లల్ని పరిశీలించింది. బడిలో ఫోన్ ఆపిన చోటా, ఆపని చోటా పిల్లల మానసిక స్థితిలో తేడా లేదు. రోజు మొత్తంలో ఫోన్ మీద గడిపే సమయం పెరిగేకొద్దీ మాత్రం నిద్ర, మనసు, చదువు అన్నీ దెబ్బతింటున్నాయి. అంటే బడిలో పెట్టె పెట్టగానే రాత్రి పదకొండింటికి రీల్స్ చూడటం ఆగదు. బడి చేయగలిగింది బడి వేళల్ని కాపాడటం. ఆ పని పూర్తిగా బడి చేతిలోనే ఉంది, ముఖ్యంగా వెనక బెంచీ పిల్లల కోసం చేసి తీరాలి.

నియమాల సంగతి కూడా చూసుకోండి. విద్యార్థులు బడిలో ఫోన్ వాడకాన్ని కట్టడి చేయాలని సీబీఎస్ఈ 2009లోనే సర్క్యులర్ ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2023 ఆగస్టులో పాఠశాల విద్యాశాఖ విద్యార్థులు బడికి ఫోన్ తేవద్దంది, టీచర్లు కూడా ఫోన్ హెచ్ఎం గారికి అప్పగించి క్లాసుకు వెళ్ళాలంది. కాబట్టి ఆంధ్ర బడులవాళ్ళు కింద చెప్పే పద్ధతి పాటించాలంటే ముందు ఎంఈఓ (మండల విద్యాధికారి) గారితో మాట్లాడాలి. దూరం నుంచి వచ్చే పిల్లలకు మాత్రమే, తల్లిదండ్రుల రాతపూర్వక అభ్యర్థన మీద అనుమతి అడగాలి. 2025 ఆరంభంలో ఢిల్లీ హైకోర్టు ఒక కేంద్రీయ విద్యాలయ విద్యార్థి కేసులో, బడుల్లో స్మార్ట్‌ఫోన్లను పూర్తిగా నిషేధించడం ఆచరణలో కుదరదనీ, అక్కర్లేదనీ చెప్పింది. వీలైన చోట ఫోన్ జమ చేసే ఏర్పాటు ఉండాలనీ, క్లాసులో వాడకూడదనీ, కెమెరా, రికార్డింగు అసలే కుదరవనీ సూచించింది. నియమం రాసేటప్పుడు తల్లిదండ్రుల్ని, టీచర్లని సంప్రదించమంది. ఆ తీర్పు తెలంగాణ బడులను నేరుగా కట్టిపడేయదు గానీ, కమిటీలో చర్చకు మంచి పునాది. మీ డీఈఓ (జిల్లా విద్యాధికారి) కార్యాలయం నుంచి వేరే ఉత్తర్వు ఏదైనా ఉంటే అదే ముందు.

పెట్టె

అసలు పని ఇక్కడే ఉంది. చాలా బడుల్లో జమ చేసే పద్ధతి మొదలుపెట్టి నెలలోపే వదిలేస్తారు. కారణం పిల్లలు కాదు, క్యూ. లెక్క చూడండి. తొమ్మిది, పది తరగతులు కలిపి నాలుగు సెక్షన్లు. సెక్షన్‌కు 25 మంది ఫోన్లు తెస్తారనుకుంటే మొత్తం 100. ఆఫీసు దగ్గర ఒకే అటెండరు ఒక్కో ఫోన్‌కు 15 సెకన్ల చొప్పున తీసుకున్నా 25 నిమిషాలు. ప్రార్థన అయిపోతుంది, మొదటి పీరియడ్ సగం పోతుంది. సాయంత్రం మళ్ళీ అదే వరుస, బయట బస్సు హారన్ కొడుతుంటుంది. మూడో రోజుకే అటెండరు చేతులెత్తేస్తాడు. అందుకే సెక్షన్‌కు ఒక పెట్టె, క్లాసులోనే, హాజరు పిలిచేటప్పుడే. పేరు పిలవగానే పిల్ల లేచి వచ్చి తన నంబరు గడిలో ఫోన్ పెట్టి వెళ్తుంది. అయిదారు నిమిషాల్లో అయిపోతుంది. అందులో ఎక్కువ భాగం ఎలాగూ హాజరుకు పట్టే సమయమే.

పెట్టె కొనక్కర్లేదు, ఊళ్ళో వడ్రంగి చేస్తాడు. కవరుతో కలిపి ఇప్పటి ఫోన్ సుమారు ఏడు అంగుళాల ఎత్తు, మూడున్నర లోపు వెడల్పు, అర అంగుళం మందం ఉంటుంది. ఒక్కో గడి 4 అంగుళాల పొడవు, 1¼ అంగుళాల వెడల్పు ఉంటే ఫోన్ నిలువుగా దిగుతుంది, తీసేటప్పుడు వేళ్ళు పడతాయి. అయిదు వరుసలు, వరుసకు ఎనిమిది, మొత్తం 40 గడులు. 4 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో అడ్డుపలకలు వేస్తే పెట్టె లోపలి కొలత సుమారు 21 అంగుళాల పొడవు, 11½ అంగుళాల వెడల్పు వస్తుంది. ఎత్తు 8 అంగుళాలు ఉండాలి. అడ్డుపలకలు మాత్రం 4 అంగుళాల ఎత్తు చాలు. అంతకంటే ఎత్తయితే చిన్న ఫోన్లు లోపల మునిగిపోయి, బయటికి లాగేటప్పుడు స్క్రీన్ గీసుకుపోతుంది. బయటి చెక్క 12 మిల్లీమీటర్లది తీసుకోవాలి. అడుగున పాత దుప్పటి ముక్కో, ఫోమ్ షీటో అంటించాలి. ప్రతి గడి మీద రోల్ నంబరు పెయింటుతో రాయించండి. స్టిక్కర్లయితే పిల్లలు వారంలో పీకేస్తారు.

మూతకు గొళ్ళెం, మామూలు తాళం కప్ప. తాళంచెవులు రెండు ఉండాలి: ఒకటి క్లాస్ టీచరు దగ్గర, ఒకటి హెచ్ఎం గదిలో మేకుకు. రెండోది లేకపోతే ఏమవుతుందంటే, ట్రెయినింగ్ ఉందని క్లాస్ టీచరు మధ్యాహ్నం వెళ్ళిపోతారు, వాన ముంచుకొచ్చి బడి ముందే వదిలేస్తారు, పాతిక మంది పిల్లలు తాళం ముందు నిలబడతారు. ఆ ఒక్క రోజు గొడవతో తల్లిదండ్రులకు పద్ధతి మీదే నమ్మకం పోతుంది.

నలభై ఫోన్లంటేనే ఎనిమిది కిలోలు, చెక్క బరువు వేరే. రెండు పక్కలా పిడులు పెట్టించండి, ఇద్దరు మోయాలి. క్లాసు గదికి కిటికీలు, తలుపులు గట్టిగా లేకపోతే మొదటి పీరియడ్ కాగానే పెట్టెను హెచ్ఎం గదికో, స్టాఫ్‌రూమ్ బీరువాలోకో చేర్చాలి. పీఈటీ పీరియడ్‌కు క్లాసంతా గ్రౌండ్‌కు వెళ్ళినప్పుడే దొంగతనాలు జరిగేది. గోడకు వేలాడే అరల గుడ్డ సంచులు ఆన్‌లైన్‌లో చవకగా దొరుకుతాయి. వాటికి తాళం ఉండదు కాబట్టి అవి కొంటే ఫోన్లు పెట్టాక సంచినే మడిచి బీరువాలో పెట్టేయాలి. పెట్టెను ఎండ పడే కిటికీ పక్కన, రేకుల వరండాలో ఉంచకండి. వెనక ఉబ్బిపోయిన బ్యాటరీ ఉన్న ఫోన్ అసలు తీసుకోకండి, ఆ సంగతి అదే రోజు ఇంటికి చెప్పండి. పెట్టెలో ఛార్జింగు పెట్టే ఏర్పాటు ఎవరు అడిగినా ఒప్పుకోవద్దు.

ఫోన్ పెట్టే ముందు పూర్తిగా స్విచాఫ్ చేయించాలి. సైలెంట్ చాలదు. సైలెంట్‌లో ఉన్నా అలారం మోగుతుంది, పెట్టె చెక్క కావడంతో వైబ్రేషన్ క్లాసంతా వినబడుతుంది. సిమ్ ఉన్న స్మార్ట్ వాచీలు, చెవిలో పెట్టుకునే బడ్స్ కూడా ఇదే పెట్టెలోకి. వాటి పేరు నియమంలో రాయకపోతే, ఫోన్ పెట్టెలో పెట్టి వాచీలో మెసేజ్‌లు చూస్తారు.

రిజిస్టరు, ఉత్తుత్తి ఫోన్లు

ఏటా జూన్‌లో ఒక్కసారి నమోదు చేస్తే చాలు, రోజూ మోడల్ పేర్లు రాయక్కర్లేదు. పిల్ల పేరు, రోల్ నంబరు, ఫోన్ కంపెనీ, రంగు, సిమ్ ఎవరి పేరు మీద ఉంది, ఐఎంఈఐ నంబరులో (ప్రతి ఫోన్‌కూ విడిగా ఉండే గుర్తింపు నంబరు) చివరి ఆరు అంకెలు. ఫోన్‌లో *#06# నొక్కితే ఐఎంఈఐ కనిపిస్తుంది. రెండు సిమ్‌ల ఫోన్‌లో రెండు నంబర్లు వస్తాయి, మొదటిది రాసుకోండి. పూర్తి పదిహేను అంకెలు తల్లిదండ్రుల్ని ఇంట్లో రాసి పెట్టుకోమనండి. ఫోన్ ఎక్కడ పోయినా కేంద్ర ప్రభుత్వ సంచార్ సాథీ పోర్టల్‌లో బ్లాక్ చేయించడానికి అదే కావాలి.

ఈ ఐఎంఈఐ ఎందుకంటే, పిల్లలు వేసే మొదటి ఎత్తు పాడైపోయిన పాత ఫోన్ పెట్టెలో పెట్టి, అసలుది జేబులో ఉంచుకోవడం. పది, పదిహేను రోజులకోసారి ముందు చెప్పకుండా నాలుగైదు ఫోన్లు ఆన్ చేయించి, *#06# నొక్కించి, రిజిస్టరుతో సరిచూడండి. నాలుగు ఫోన్లు చూస్తే చాలు, విషయం బడంతా పాకుతుంది. ఆన్ చేసేది పిల్లే, నొక్కేది పిల్లే. టీచరు ఫోన్ చేతిలోకి తీసుకుని తెరవకూడదు.

రోజువారీ కాగితం ఒక్కటే: రోల్ నంబర్ల వరుస, పొద్దున ఒక టిక్కు, సాయంత్రం ఒక టిక్కు. మధ్యలో జ్వరంతో ఇంటికెళ్ళిన పిల్ల ఫోన్ పెట్టెలోనే మిగిలిపోతుంది. సాయంత్రం టిక్కు పడని నంబరు చూసి, ఆ ఫోన్ హెచ్ఎం బీరువాలోకి పోవాలి, ఇంటికి ఫోన్ చేసి చెప్పాలి. తిరిగి ఇవ్వడం చివరి పీరియడ్‌లో ఆఖరి అయిదు నిమిషాల్లో, కూర్చున్న చోటి నుంచే రోల్ నంబరు వరుసలో. గంట కొట్టాక ఇస్తే తోపులాటలో ఫోన్లు కింద పడతాయి, పగిలిన ప్రతి స్క్రీన్‌కూ బడి జవాబుదారీ అవుతుంది.

తల్లిదండ్రుల సంతకానికి ఒక్క పేజీ కాగితం తెలుగులో సిద్ధం చేసుకోండి. ఇలా ఉంటే చాలు: "మా అమ్మాయి లేదా అబ్బాయి ప్రయాణంలో అవసరం కోసం ఫోన్ తెస్తున్నారు. బడి వేళల్లో స్విచాఫ్ చేసి తరగతి పెట్టెలో ఉంచడానికి మాకు అంగీకారమే. పెట్టెలో పెట్టని ఫోన్ పోయినా, పాడైనా బడికి బాధ్యత లేదు. పెట్టెలో పెట్టిన ఫోన్‌ను బడి తాళం వేసి భద్రంగా ఉంచుతుంది. బడి వేళల్లో అత్యవసరమైతే ఆఫీసు నంబరుకు చేస్తాము, పిల్లల ఫోన్‌కు చేయము." చివరి వాక్యం చాలా అవసరం. క్లాసు మధ్యలో మోగే ఫోన్లలో చాలా వాటికి అవతల ఉండేది అమ్మో, నాన్నో.

ఆఫీసు ఫోన్ ఎత్తే మనిషి

తల్లిదండ్రుల భయాన్ని చిన్నచూపు చూడొద్దు. చీకటిపడ్డాక బస్టాపులో నిలబడే పిల్ల గురించి వాళ్ళు అడిగేది న్యాయమైన మాట. సాయంత్రం ఫోన్ చేతికొస్తుంది కాబట్టి ప్రయాణం సంగతి తీరిపోతుంది. బడి వేళల్లో కబురు చేరడం మాత్రం బడి బాధ్యత. హెచ్ఎం సొంత నంబరు ఇస్తే మీటింగుల్లో ఎత్తలేరు. ఆఫీసుకు విడిగా ఒక సిమ్, ఒక కీప్యాడ్ ఫోన్ పెట్టండి. ఎవరు ఎత్తాలో పేరుతో రాసి గోడకు అంటించండి. పక్కన ఒక నోటుబుక్కు: వచ్చిన సమయం, ఎవరి కోసం, ఏం కబురు, ఎప్పుడు చెప్పారు. మామూలు కబురైతే ఆ పీరియడ్ అయిపోగానే, ఆసుపత్రి లాంటిదైతే వెంటనే. పిల్లకు ఇంటికి చేయాల్సి వస్తే అదే ఫోన్ నుంచి, ఎందుకు, ఏమిటి అని గద్దించకుండా చేయనివ్వాలి. ఆడపిల్లలు నెలసరి వచ్చి అమ్మతో మాట్లాడాలనుకుంటే పదిమంది ముందు కారణం చెప్పరు. ఆ ఫోన్ ఉన్న గదిలో ఒక మేడమ్ ఉండేలా చూసుకోండి. ఈ నంబరు రెండుసార్లు ఎత్తకపోతే మూడో రోజు నుంచి పిల్ల సాక్సులో ఇంకో ఫోన్ ఉంటుంది, అదీ తల్లి పెట్టి పంపిందే.

పట్టుబడితే

పెట్టెలో పెట్టని ఫోన్ దొరికితే మొదటిసారి ఆ రోజుకు హెచ్ఎం గదిలో ఉంచి సాయంత్రం ఇచ్చేయండి, డైరీలో రాసి ఇంటి సంతకం తెప్పించండి. రెండోసారి తల్లిదండ్రులకే ఇవ్వండి, వాళ్ళు వచ్చిన రోజే. మూడోసారి నెల రోజులు ఆ పిల్లకు ఫోన్ తెచ్చే అనుమతి ఆపేయండి. అంతకుమించి వద్దు.

పరీక్షలయ్యేదాకా ఇవ్వం, సంవత్సరం చివర ఇస్తాం అనే మాట చాలా బడుల్లో వినిపిస్తుంది. ఆ ఫోన్ చాలా ఇళ్ళలో పిల్లది కాదు. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క స్మార్ట్‌ఫోన్, నాన్న సిమ్. మేస్త్రీ పనికి పిలిచేది ఆ నంబరుకే. ఫోన్‌పే, గ్యాస్ బుకింగు ఓటీపీ, బ్యాంకు మెసేజ్ అన్నీ అందులోకే వస్తాయి. దాన్ని వారం ఆపితే శిక్ష పడేది ఇంటికి. పిల్లల ముందు ఫోన్ పగలగొట్టడం, నీళ్ళలో వేయడం అసలే కూడదు. అది ఇతరుల ఆస్తి ధ్వంసం చేయడం. కొట్టడం, అసెంబ్లీలో నిలబెట్టి అవమానించడం ఏ పిల్లల విషయంలోనూ కూడదు, పద్నాలుగేళ్ళ లోపు వాళ్ళ విషయంలో అయితే విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కింద నిషిద్ధం. జరిమానా డబ్బులు వసూలు చేయకండి. బ్యాగు చూడాల్సి వస్తే పిల్ల ఎదుటే, ఇద్దరు పెద్దల సమక్షంలో చూడాలి. ఆడపిల్లలదైతే మేడమే చూడాలి. ఒంటి మీద చెయ్యి వేసి వెతకడం ఎవరికీ కుదరదు.

అన్నిటికంటే జాగ్రత్తగా ఉండాల్సిన చోటు ఇంకొకటి ఉంది. ఫోన్‌లో ఒక అమ్మాయి అసభ్య ఫొటోనో, వీడియోనో ఉందని తెలిసినప్పుడు బడి కంగారులో చేసే పని, సాక్ష్యం కోసమని దాన్ని టీచర్ల వాట్సాప్ గ్రూపులోకి పంపడం. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలకు సంబంధించిన అలాంటి దృశ్యాన్ని పంపడమే ఐటీ చట్టం 67బి కింద నేరం, ఉద్దేశం మంచిదైనా సరే. తెరవకండి, కాపీ చేయకండి, చెరపనూ వద్దు. ఫోన్ స్విచాఫ్ చేసి, కవరులో పెట్టి సీలు వేసి, సమయం రాసి, హెచ్ఎం దగ్గర ఉంచి, ఫోన్ తెచ్చిన పిల్ల, ఫొటోలోని అమ్మాయి ఇద్దరి తల్లిదండ్రుల్నీ విడివిడిగా పిలవండి. పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు తెలియజేయడం బాధ్యత, ఊరి పెద్దల్ని కూర్చోబెట్టి సర్దేసే విషయం కాదు. పిల్లల సాయానికి 1098, సైబర్ నేరాలకు 1930. ఆ అమ్మాయికి బడిలో ఎవరూ సూటిపోటి మాట అనకుండా చూడటం ఆ రోజు మొదటి పని. పరువు పోయిందనే భయంతో పిల్లలు ఎంతకైనా తెగిస్తారు. అందుకే అన్ని నియమాల కంటే దీన్ని ముందు టీచర్లందరికీ చదివి వినిపించాలి.

టీచర్ల ఫోన్లు

ముఖ గుర్తింపు హాజరు టీచరు ఫోన్‌లోనే వేయాలి, మధ్యాహ్న భోజనం లెక్కలు అందులోనే పంపాలి. ప్రభుత్వమే ఫోన్‌లో పని చేయమని, క్లాసులో పట్టుకోవద్దంటే ఎలా అని టీచర్లు అడుగుతారు. అడగడంలో తప్పు లేదు. మొదటి పీరియడ్‌లో హాజరు అయిపోగానే టీచరు కూడా తన ఫోన్‌ను ఆ పెట్టెలోనే చివరి గడిలోనో, స్టాఫ్‌రూమ్‌లోనో పెట్టి రావాలి. పాఠ్యపుస్తకాల్లోని క్యూఆర్ కోడ్ పాఠాలు చూపించాలంటే ఐఎఫ్‌పీ ప్యానెల్ (గోడకుండే పెద్ద టచ్ తెర) ఉన్న బడుల్లో దాని మీదే ప్రభుత్వ పాఠాల వేదిక దీక్షా తెరవచ్చు. సారు కుర్చీలో కూర్చుని ఫోన్ చూస్తుంటే పిల్లలకు పెట్టె నియమం చెప్పే అర్హత ఆ బడికి ఉండదు.

వాట్సాప్ హోంవర్కు

దీని మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది. పగలంతా ఫోన్ తాళం వేసి, రాత్రి ఏడింటికి క్లాసు గ్రూపులో హోంవర్కు పంపే బడి కంచే చేను మేసినట్టు చేస్తోంది. అమ్మ ఫోన్ ఇవ్వనంటే "సారు పంపిన హోంవర్కు చూడాలి" అంటారు, ఇక ఏ తల్లీ కాదనలేదు. హోంవర్కు చూసేది రెండు నిమిషాలు, ఫోన్ చేతిలో ఉండేది రెండు గంటలు. 2024 అసర్ గ్రామీణ సర్వేలో ఫోన్ వాడటం తెలిసిన 14–16 ఏళ్ళ పిల్లల్లో, ముందు వారంలో చదువు పనికి వాడామన్నవాళ్ళు 57 శాతం, సోషల్ మీడియాకు వాడామన్నవాళ్ళు 76 శాతం. హోంవర్కు బోర్డు మీద రాయండి, పీరియడ్ చివరి మూడు నిమిషాల్లో డైరీలో ఎక్కించుకోమనండి. గ్రూపులో సెలవులు, ఫీజులు, మీటింగులు మాత్రమే ఉండాలి, అవి తల్లిదండ్రులకు. ప్రైవేటు బడుల్లో సొంత యాప్‌లో వర్క్‌షీట్లు పంపడం ఇంకా ఎక్కువ. ఫోన్ తగ్గించమని పేరెంట్స్ మీటింగులో ఉపన్యాసం ఇచ్చే ముందు ఆ వర్క్‌షీట్లు ప్రింటు తీసి ఇవ్వాలి.

ఫోన్ ఉండాల్సిన పిల్లలు, ఉండాల్సిన పీరియడ్

టైప్ 1 మధుమేహం ఉన్న పిల్లల చేతికి అంటించే గ్లూకోజ్ సెన్సర్ చాలావరకు ఫోన్‌కే రీడింగు పంపుతుంది, చక్కెర పడిపోతే హెచ్చరించేది ఆ ఫోనే. చూపు తక్కువగా ఉన్న పిల్లకు ఫోన్ పుస్తకం చదివి వినిపిస్తుంది. వినికిడి యంత్రాన్ని ఫోన్‌తో సర్దుకునే పిల్లలున్నారు. వీళ్ళ ఫోన్ పెట్టెలోకి పోకూడదు. డాక్టరు కాగితం, హెచ్ఎం సంతకంతో అనుమతి, క్లాసులో అందరికీ "తన ఆరోగ్యం కోసం" అని ఒక్కసారి చెప్పడం, అంతే. ఈ పిల్లల టీచర్లందరికీ, ముఖ్యంగా మారే టీచర్లకు, ఆ సంగతి తెలియాలి. లేకపోతే కొత్త సారు వచ్చి ఆ ఫోనే ముందు లాక్కుంటారు.

చదువుకు ఫోన్ నిజంగా పనికొచ్చే సందర్భాలూ ఉన్నాయి. "గూగుల్‌లో వెతకండి" అనేది అందులోకి రాదు. ఫోన్‌లోని మైకు, సెన్సర్లు కొలమానాలుగా పనికొస్తాయి. తొమ్మిదో తరగతి ధ్వని పాఠంలో ధ్వని వేగాన్ని పిల్లలే కొలవచ్చు. ఫైఫాక్స్ అనే ఉచిత యాప్‌లో అకౌస్టిక్ స్టాప్‌వాచ్ ఉంటుంది, ఒక చప్పుడుకు మొదలై తర్వాతి చప్పుడుకు ఆగుతుంది. రెండు ఫోన్లను సరిగ్గా 10 మీటర్ల దూరంలో పెట్టాలి. మొదటి ఫోన్ పక్కన ఒకరు చప్పట్లు కొడతారు, రెండు వాచీలూ మొదలవుతాయి. క్షణం ఆగి రెండో ఫోన్ పక్కన ఇంకొకరు కొడతారు, రెండూ ఆగుతాయి. రెండు వాచీల సమయాల తేడా, ధ్వని 20 మీటర్లు పోవడానికి పట్టిన సమయం. అది సుమారు 0.058 సెకన్లు వస్తుంది. 20ని దానితో భాగిస్తే సెకనుకు 340 మీటర్ల పైచిలుకు. గోడలున్న వరండాలో చేస్తే ప్రతిధ్వనికీ, పక్క క్లాసు చప్పుడుకీ వాచీ ముందే ఆగిపోతుంది, గ్రౌండ్‌లో చేయాలి. గాలి హోరున వీచే రోజు వద్దు. మొదట్లో యాప్‌లోని థ్రెషోల్డ్ పెంచి, చప్పట్లకే మొదలయ్యేలా సరిచేసుకోవాలి. అయిదుసార్లు చేసి సగటు తీయించండి.

ఇలాంటి పీరియడ్‌కు గుంపుకు రెండు ఫోన్లు చాలు. యాప్ ముందురోజే వేసి ఉంచాలి, ఏరోప్లేన్ మోడ్‌లోనే పనిచేస్తుంది. ఏ పీరియడ్, ఎన్ని నిమిషాలు, ఎన్ని ఫోన్లు అని పాఠ్యప్రణాళికలో రాసి హెచ్ఎం సంతకం తీసుకున్నాకే పెట్టె తెరవాలి. బడికి ట్యాబులుంటే పిల్లల ఫోన్లు ముట్టుకోకుండా వాటితోనే చేయించడం ఇంకా మంచిది.

మొదలుపెట్టేటప్పుడు

మొదటి వారం పదో తరగతితోనే మొదలుపెట్టండి, తర్వాత తొమ్మిది. ఆరు నుంచి ఎనిమిది దాకా ఫోన్ తేవడమే వద్దనండి, దూరం నుంచి వచ్చే ఒకరిద్దరికి అవసరమైతే కీప్యాడ్ ఫోన్ చాలు. మొదటి నెలలో మూడు సంగతులు రాసి పెట్టుకోండి: పొద్దున పెట్టడానికి పట్టే నిమిషాలు, ఆఫీసు ఫోన్‌కు వచ్చిన కాల్స్ (అందులో ఎత్తనివి ఎన్ని), పెట్టె బయట పట్టుబడిన ఫోన్లు. తర్వాతి కమిటీ సమావేశంలో వాదన ఈ మూడింటి మీద జరిగితే గంటలో తేలుతుంది.

పదో తరగతి పబ్లిక్ పరీక్షలకు ఈ పద్ధతి వర్తించదు. 2023 ఏప్రిల్‌లో తాండూరు, కమలాపూర్ కేంద్రాల నుంచి ప్రశ్నపత్రాల ఫొటోలు వాట్సాప్‌లో పాకిన సంగతి అందరికీ తెలుసు. కేంద్రంలో పెట్టె ఉండదు, ఫోన్ దాచే బాధ్యత ఎవరూ తీసుకోరు, జేబులో దొరికితే పిల్ల ఏడాదే పోవచ్చు. హాల్‌టికెట్ ఇచ్చే రోజునే తల్లిదండ్రులకు ఈ మాట చెప్పండి. కేంద్రం దూరమైతే పిల్లను దించడానికీ, తీసుకురావడానికీ ఎవరు వస్తారో ముందే అనుకోమనండి. ఎవరూ రాలేని పిల్లల పేర్లు రాసుకుని, ఊరివారీగా గుంపులు కట్టి, ఒక్కో గుంపుతో ఒక పెద్ద మనిషి వెళ్ళేలా కమిటీయే ఏర్పాటు చేయాలి.